మా రోజుల్లో ఓడిపోయేవాళ్ళం

దేశంలో ఎవరి ఎన్నిక జరిపించాలన్నా బడిపంతుళ్ళు కావాలి. అందులోనూ హెడ్మాస్టరు దొరికాడంటే ప్రిసైడింగ్ అధికారి డ్యూటీ ఖాయం. తెల్లవారకముందే ఏజెంట్లను ఎదురుగా నిలబెట్టుకుని మాక్ పోల్ చేయించడం, యంత్రానికి సీళ్ళు వేయడం, ఓటరు ఎడమ చూపుడువేలి మీద సిరా సరిగ్గా పడిందో లేదో చూడటం, తన ఓటు ఇంకెవడో వేసేశాడని వచ్చి గోల చేసినవాడికి టెండరు బ్యాలెట్ ఇవ్వడం, సాయంత్రానికి 17-సి ఫారంలో అంకెలు కుదిరేదాకా చెమటలు కక్కడం, ఇవన్నీ మావాళ్ళకి కొట్టినపిండి. బడిలో అయితే చెప్పనే అక్కర్లేదు. పిల్లల నాయకుణ్ణి ఎన్నుకోవాలంటే సోషల్ మాస్టారు అట్టపెట్టెకి కన్నం పెట్టి, ఎనిమిదో తరగతి పిల్లల వేళ్ళకి మార్కరు చుక్కలు పెట్టి, రహస్య బ్యాలెట్ గొప్పతనం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చి మరీ జరిపిస్తాడు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక బడి యాజమాన్య కమిటీ ఎన్నిక కూడా హెడ్మాస్టరు నెత్తినే పడింది. సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. ఆ లెక్క కుదిర్చి కాగితం పైకి పంపేది ఆయనే.

మరి ఇంతమందికి ఎన్నికలు జరిపించి పెట్టే ఈ పెద్దమనుషులు తమ సొంత సంఘానికి ఎన్నిక ఎలా జరుపుకుంటున్నారో చూశారా? ఈమధ్య ఒక ప్రధానోపాధ్యాయుల సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళాను. రిటైరైనవాళ్ళమని మా వయసువాళ్ళని ముందువరసలో కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసాలిచ్చారు. ఎన్నికల అధికారి మైకు దగ్గరకొచ్చి, జేబులోంచి మడత కాగితం తీసి, "అధ్యక్షులు ఫలానా, ప్రధాన కార్యదర్శి ఫలానా" అని గడగడా చదివేశాడు. చప్పట్లు కొట్టారు. శాలువాలు కప్పారు. అరగంటలో అంతా అయిపోయింది. ఇందులో తమాషా ఏమిటంటే, కొత్త కార్యవర్గానికి శుభాకాంక్షలు చెబుతూ ఫొటోలతో సహా ఫ్లెక్సీ మేం లోపలికి వెళ్ళేటప్పటికే గేటుకి కట్టి ఉంది. ఎన్నికకంటే ముందు ఫలితం గోడెక్కింది.

"నామినేషన్ ఫారాలు ఎక్కడిస్తున్నారు బాబూ?" అని పక్కనున్న కుర్రవాణ్ణి, అంటే ఏభై అయిదేళ్ళ హెడ్మాస్టర్ని, అడిగాను.

"ఫారాలెందుకు మాస్టారూ, వాట్సాప్ గ్రూపులో అందరం అనేసుకున్నాం కదా!" అన్నాడు.

అనేసుకున్నారట! పదో తరగతి పరీక్ష కూడా ఇలాగే అనేసుకుంటే సరిపోతుంది కదా, పిల్లలకి ఆ శ్రమ ఎందుకు?

మా రోజుల్లో ఎన్నిక అంటే నెల రోజుల తతంగం. మొదట ఓటర్ల జాబితా. చందా కట్టినవాడికే ఓటు, కట్టినట్టు రుజువు రసీదు. కోశాధికారి రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని బస్సులెక్కి బడి బడికీ తిరిగేవాడు. ఏడాదంతా చందా ఊసెత్తనివాళ్ళు నోటీసు రాగానే పాత బాకీలతో సహా తెచ్చి కట్టేవాళ్ళు. తర్వాత సమావేశం నోటీసు. దాన్ని పోస్టులో యూపీసీ కింద పంపాలి. కవర్లన్నీ కౌంటరు దగ్గర పెట్టి, చిరునామాల పట్టీ మీద పోస్టుమాస్టరు చేత ముద్ర వేయించుకుంటే అదే సాక్ష్యం. ఆ పద్ధతిని తపాలా శాఖ 2011లో ఎత్తేసింది. అది ఉన్నన్నాళ్ళూ "నాకు నోటీసు అందలేదు" అని ఎవరైనా లేస్తే కార్యదర్శి ఆ పట్టీ తీసి చూపించేవాడు. ఇప్పుడు గ్రూపులో ఒక మెసేజి పడేస్తారు. దాని కిందే పుట్టినరోజు శుభాకాంక్షలు, శుభోదయాలు, ఎవరి ఇంట్లోనో సత్యనారాయణ వ్రతం ఫొటోలు వరసగా వచ్చి పడతాయి. నోటీసు చూశాడో లేదో వాడికీ తెలీదు, మనకీ తెలీదు.

నామినేషన్ వేయాలంటే ప్రతిపాదించే సభ్యుడు సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఎంత బతిమాలుకోవడం! ప్రతిపాదించడమంటే బహిరంగంగా ఒకరి పక్షాన నిలబడటం. మర్నాడు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అధికారి అవతలి పక్షానికి బంధువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. తెలిసీ పెట్టేవాళ్ళు. పెట్టినందుకు బదిలీ అయినవాళ్ళూ ఉన్నారు.

పోలింగు ఏదో ఒక హైస్కూలు హాల్లో, రెండో శనివారం. బ్యాలెట్లు సైక్లోస్టైల్ చేసినవి. స్టెన్సిల్ కోసేటప్పుడు గుమాస్తా ఒక అభ్యర్థి ఇంటిపేరు తప్పు కోశాడని పోలింగు గంటసేపు ఆగిపోయిన సందర్భం ఉంది. పరీక్ష పేపర్లు వచ్చే రేకుపెట్టెకి పైన చీలిక పెట్టించి, లక్క కరిగించి సీలు వేసి, దాన్నే బ్యాలెట్ పెట్టె చేసేవాళ్ళం. ఒకసారి కౌంటింగులో పెట్టె తెరిస్తే ఒక బ్యాలెట్ మీద గుర్తుతో పాటు కింద చక్కగా ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం, తేదీ ఉన్నాయి. గెజిటెడ్ హెడ్మాస్టరు కదా, కాగితం కనబడితే చెయ్యి ఊరుకోదు. రహస్యం పోయింది కాబట్టి చెల్లదని ఎన్నికల అధికారి అన్నాడు. "చెల్లదా? అటెస్ట్ చేసిన ఓటయ్యా అది!" అని ఆయన తరఫువాళ్ళు యుద్ధానికొచ్చారు. ఆ ఓటు తీసేస్తే సహకార్యదర్శి పదవికి ఇద్దరికీ సమానం. అవతలివాడు కూడా పెద్దమనిషే, "ఆ ఓటు నాకు కాదని తెలుసు, అయినా చెల్లనిది చెల్లనిదే" అన్నాడు. చీటీ తీశారు. ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తులేదు. ఆ వాదన మాత్రం మాటమాటా గుర్తుంది.

లెక్కింపు నల్లబల్ల మీద. డ్రాయింగు మాస్టారు నాలుగు నిలువు గీతలు, వాటిని కొడుతూ ఒక అడ్డగీత, ఇలా ఐదేసి కట్టలు వేస్తూ పోయేవాడు. వెనక బెంచీల మీద కూర్చున్న అభ్యర్థులు అందరికంటే ముందే మనసులో కూడికలు వేసేసుకునేవాళ్ళు. ఓడినవాడు లేచి గెలిచినవాడికి చెయ్యి కలిపి, ఆఖరి బస్సు అందుకోవడానికి పరిగెత్తేవాడు. నేనూ అలా పరిగెత్తినవాణ్ణే.

1983 సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించింది. నెలాఖరుకల్లా 55 దాటినవాళ్ళంతా ఇంటికి. హెడ్మాస్టరయ్యేసరికే జుట్టు నెరిసిపోయే రోజులవి. మా సంఘం కౌన్సిల్లో పెద్ద తలకాయలన్నీ ఒక్క దెబ్బకి లేచిపోయాయి. అధ్యక్షుడు లేడు, కోశాధికారి లేడు, సగం కుర్చీలు ఖాళీ. మధ్యలో ఖాళీ అయిన పదవులకి ఉపఎన్నిక పెట్టాలని బైలా చెబుతోంది. పెట్టాం. పోటీ అంటే అదీ! నలభైల్లో ఉన్నవాళ్ళం మొదటిసారి బరిలోకి దిగాం. కౌన్సిల్‌కి కొత్త రక్తం ఎక్కింది.

అక్కడితో అయిపోలేదు. 1984 ఆగస్టులో వయసు మళ్ళీ 58 అయింది. మధ్యలో ఇంటికెళ్ళినవాళ్ళ సంగతేమిటని వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 1985లో వాళ్ళకి అనుకూలంగా తీర్పొచ్చింది. ఇంకా 58 నిండనివాళ్ళు తిరిగి ఉద్యోగాల్లో చేరారు. చేరిన వాళ్ళలో మా పాత అధ్యక్షుడొకరు. ఆయన ఉత్తరీయం సర్దుకుంటూ కౌన్సిల్ సమావేశానికి వచ్చి, "ప్రభుత్వమే నా కుర్చీ నాకు తిరిగిచ్చింది, సంఘం ఎందుకివ్వదు?" అని నిలబడ్డారు. కొత్త అధ్యక్షుడు ఆయన శిష్యుడే. లేవాలా కూర్చోవాలా తెలియక సగం లేచి ఆగిపోయాడు. బైలా పుస్తకం తెచ్చారు. సభ్యత్వం పోతే పదవి పోతుందని ఉంది కానీ, సభ్యత్వం తిరిగొస్తే పదవి తిరిగొస్తుందని ఎక్కడా లేదు. రెండు గంటలు వాదించుకున్నాం. చివరికి ఆ పెద్దాయనే, "సరే, వచ్చే ఎన్నికల్లో నిలబడతాను, ఎవడొస్తాడో రండి" అని సవాలు చేసి కూర్చున్నారు. నిలబడ్డారు, గెలిచారు. ఆ శిష్యుడు ఓడిపోయి, ఆయన దగ్గరే ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు.

అదే 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. అప్పటిదాకా తాలూకాకి ఇద్దరు కౌన్సిలర్లు. ఇప్పుడు మండలానికొకరు అని బైలా సవరించారు. తీరా చూస్తే కొన్ని మండలాల్లో ఉన్న హైస్కూళ్ళే రెండు. అలాంటి ఒక మండలంలో ఇద్దరు హెడ్మాస్టర్లూ నామినేషన్ వేశారు. ప్రతిపాదించడానికి మూడోవాడు లేడు కాబట్టి ఒకరి ఫారం మీద ఇంకొకరు సంతకం పెట్టుకున్నారు. పోలింగులో మటుకు ఎవరి ఓటు వాళ్ళే వేసుకున్నారు. మళ్ళీ చీటీ!

అంత పట్టుదల దేనికని ఈ కాలంవాళ్ళు అడుగుతారు. జిల్లాలోని హైస్కూళ్ళన్నింటికీ ఉమ్మడి పరీక్షల పేపర్లు అచ్చువేయించే బోర్డు ఒకటుంది. డీసీఈబీ అంటారు. డీఈవో దానికి అధ్యక్షుడు, కార్యదర్శి పని చూసేది ఒక హెడ్మాస్టరు. పిల్లవాడికింత అని బడులు కట్టే రుసుముతో అది నడుస్తుంది. అంటే డబ్బు, అచ్చాఫీసు, కాగితం, రహస్యం, అన్నీ ఒకచోట. సంఘంలో మాట చెల్లేవాడికి అక్కడా మాట చెల్లేది. అందుకే మా సర్వసభ్య సమావేశాల్లో ఎన్నిక కంటే ముందు లెక్కల మీద రగడ జరిగేది. "అర్ధసంవత్సర పరీక్షకి ఎన్ని రీములు కొన్నారు, మిగిలిన కాగితం ఏమైంది?" అని లెక్కలు చెప్పే ఒక హెడ్మాస్టరు ప్రతి ఏడాదీ లేచేవాడు. ఆయన లేస్తాడని తెలుసు కాబట్టి కార్యదర్శి మిగిలిన రీముల పట్టీ ముందే రాసుకొచ్చేవాడు. ఎదురుపక్షం ఉండటం వల్ల కలిగే లాభం అదే, అంతకుమించి ఏమీ లేదు. ఇప్పటి సభలో ఆదాయవ్యయాల నివేదిక చదవనే లేదు. "అందరికీ పీడీఎఫ్ పంపించాం" అన్నారు. చదివానన్నవాడు ఒక్కడు కనబడలేదు.

మా రోజులన్నీ బంగారమని నేననడం లేదు. కులం లెక్కలు అప్పుడూ ఉన్నాయి, చాటుమాటుగా కాదు, బాహాటంగానే. ప్రమోషన్ మీద వచ్చినవాళ్ళకీ నేరుగా ఎంపికైనవాళ్ళకీ, జిల్లా పరిషత్తు బడులవాళ్ళకీ ఎయిడెడ్ బడులవాళ్ళకీ ఉప్పూ నిప్పూగా ఉండేది. ఇక ఆడవాళ్ళ మాట. బాలికల హైస్కూళ్ళ హెడ్మిస్ట్రెస్‌లు చందాలు సక్రమంగా కట్టేవాళ్ళు, అందరికంటే ముందు కట్టేవాళ్ళు. కౌన్సిల్లో మటుకు ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. ఒకావిడ సభలో లేచి, "లెక్కింపు రాత్రి ఎనిమిదిదాకా సాగదీస్తే మా ఊళ్ళకి బస్సెక్కడుంటుంది? మేం రాకూడదనే ఈ వేళ పెట్టారా?" అని కడిగేసింది. అంతా తలలు దించుకున్నారు గానీ వేళ మారలేదు. ఇప్పటి వేదిక మీద మహిళలు కనిపించారు, సంతోషం. కాకపోతే వాళ్ళని కూడా ఎవరూ ఎన్నుకోలేదు. జాబితా రాసినాయన, "ఒక మేడమ్ పేరు వేద్దాం" అనుకుని వేశాడు.

పదవులు మాత్రం బాగా పిల్లలు పెట్టాయి. గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, అసోసియేట్ అధ్యక్షుడు, కార్యనిర్వాహక అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, అదనపు ప్రధాన కార్యదర్శి, ముఖ్య సలహాదారు... వేదిక మీద కూర్చున్నవాళ్ళు కింద కూర్చున్నవాళ్ళతో సమానంగా ఉన్నారు. అడిగిన ప్రతివాడికీ ఒకటి పంచితే పోటీ ఎందుకుంటుంది?

ఇదంతా ఐక్యత కోసమేనట. "పోటీ పెడితే సంఘం చీలిపోతుంది మాస్టారూ" అని హితబోధ. నేను చూసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పోటీ ఉన్న రోజుల్లో ఓడినవాడు సంఘంలోనే ఉండేవాడు. ఎందుకంటే రెండేళ్ళు ఆగితే మళ్ళీ నిలబడొచ్చు, తనకెన్ని ఓట్లున్నాయో నల్లబల్ల మీద కళ్ళారా చూసుకున్నాడు. ఇప్పుడు జాబితాలో పేరు రానివాడికి ఓట్లు ఎన్నున్నాయో వాడికి తెలీదు. ఎవరు కాదన్నారో తెలీదు. ఏ గదిలో ఎప్పుడు కాదన్నారో తెలీదు. వాడు చేసేది ఒకటే, పాత పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించి, కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకుని, ఇంకో సంఘం పెడతాడు. ఎన్నిక తప్పించుకున్న చోటే చీలిక వచ్చింది.

రిజిస్టరైన సంఘమైతే 2001 నాటి సొసైటీల చట్టం వర్తిస్తుంది. వార్షిక సమావేశం అయిన పదిహేను రోజుల్లోగా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి దాఖలు చేయాలి. ఆ జాబితా మటుకు ఠంచనుగా వెళుతుంది. ఎలా ఎన్నుకున్నారని అక్కడ అడిగేవాడెవడు? కార్యవర్గం మీద తగవొస్తే జిల్లా కోర్టుకెళ్ళే దారి చట్టంలో ఉంది. తోటి హెడ్మాస్టర్ల మీద కోర్టుకెక్కే ఓపిక ఎవరికుంది?

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇంగ్లండులో ఒక సెకండరీ స్కూల్లో పనిచేస్తున్నాడు. ఫోన్లో ఈ గోడంతా వెళ్ళబోసుకుంటే అక్కడి పద్ధతి చెప్పాడు. అక్కడ హెడ్మాస్టర్ల సంఘాలు కూడా ట్రేడ్ యూనియన్లే. ప్రధాన కార్యదర్శి, కార్యవర్గ సభ్యులు అయిదేళ్ళకోసారైనా ఎన్నిక కావాల్సిందేనని 1992 చట్టం చెబుతుంది. బ్యాలెట్ సభ్యుడి ఇంటికి పోస్టులో వస్తుంది. గుర్తు పెట్టి తిప్పి పంపాలి. బయటి పరిశీలకుడి కనుసన్నల్లో అది సాగాలి. అయితే పోటీయే లేకపోతే బ్యాలెట్ అక్కర్లేదు. కనుక అక్కడా పెద్దలు కూడబలుక్కుని ఒక్కర్నే నిలబెట్టే అలవాటు ఉండేది. 2017లో అసోసియేషన్ ఆఫ్ స్కూల్ అండ్ కాలేజ్ లీడర్స్ అనే సంఘంలో కౌన్సిల్ బలపరిచిన అభ్యర్థి మీద జెఫ్ బార్టన్ అనే ఒక హెడ్మాస్టరు పోటీకి దిగాడు. ఓట్లు పడ్డాయి, బార్టన్ గెలిచాడు. సంఘం చీలిపోలేదు. తర్వాత ఏడేళ్ళు ఆయనే నడిపాడు.

ఇప్పటి హెడ్మాస్టర్ల కష్టం నాకు తెలీనిది కాదు. మాకు హాజరుపట్టీ, స్టాకు రిజిస్టరు, జీతాల బిల్లు ఉంటే సరిపోయేది. వీళ్ళకి పొద్దున లేస్తే యాప్‌లు. ముఖం చూపించి హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క, మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా. ఇంత ఊపిరాడని పనిలో సంఘం ఎన్నికకి తీరికెక్కడిదని అడుగుతారు. అసలు ఆ యాప్‌ల గురించి అధికారి ముందు గట్టిగా మాట్లాడాల్సింది ఎవరు? సంఘం నాయకుడే కదా. ఫలానా ఇన్ని ఓట్లతో గెలిచొచ్చానని చెప్పుకోగలిగినవాడి గొంతు ఒకలా ఉంటుంది, జేబులోని మడత కాగితం పుణ్యాన వచ్చినవాడి గొంతు ఇంకోలా ఉంటుంది. అవతల కూర్చున్న అధికారులు అమాయకులేమీ కాదు, ఆ తేడా వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

కనుక ప్రస్తుతం సర్వీసులో ఉన్న ప్రధానోపాధ్యాయులకి ఈ ముసలివాడి మనవి. వచ్చే సర్వసభ్య సమావేశానికి నామినేషన్ ఫారాలు అచ్చువేయించమని ఇప్పుడే ఉత్తరం రాయండి. వాట్సాప్‌లో కాదు, కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎన్నికల అధికారిని పొరుగు జిల్లా నుంచి పిలవమనండి. రహస్య బ్యాలెట్ పెట్టమనండి. పెట్టె కావాలంటే మీ బడిలో పిల్లల ఎన్నికకి వాడిన అట్టపెట్టె పట్టుకెళ్ళండి. మీలో ఒకరు, గెలవనని తెలిసినా సరే, నామినేషన్ వేయండి. నామినేషన్ రుసుము గురించి బెంగపెట్టుకోకండి, ఆ డబ్బు నా పింఛనులోంచి నేను కడతాను.